దండెం కట్టడానికి రెండు చెట్లు

బొగ్గుబాయి మీది మైసమ్మ తల్లి సాక్షిగా, నా టోపీకుండే లైటు సాక్షిగా, ఈ పొద్దున మా ఇంటామె కట్టిచ్చిన సద్ది డబ్బా సాక్షిగా చెబుతున్నాను: ఇందులో రాసింది ప్రతి అక్షరమూ నిజం. ఒట్టు వేసేశాను కాబట్టి ఇక వెనక్కి పోయేది లేదు.

ఒట్టు ఎందుకంటే, గోదావరిఖనిలో మేముండే క్వార్టర్ల లైనులో నా మాటకు ముందు ఒట్టు లేకపోతే ఎవరూ ఆగి వినరు. ఒట్టు ఉంటే ఆగి, పూర్తిగా విని, నమ్మకుండా వెళ్లిపోతారు. తప్పు వాళ్లది కాదు. నా డ్యూటీ అట్లాంటిది. భూమి లోపల ఊరే నీళ్లను తోడి పైకి పంపే మోటారు దగ్గర కూర్చోవడం నా పని. మోటారు నడుస్తున్నంతసేపూ మనిషి ఖాళీ. చుట్టూ చీకటి, పక్కన మాట్లాడే మనిషి ఉండడు. అట్లా కూర్చున్నవాడికి ఏం తోస్తుంది? గప్పాలే, లేనిపోని గొప్ప కథలే తోస్తాయి. లోపల నీళ్లు ఎన్ని ఊరతాయో అన్ని గప్పాలు నాలో ఊరతాయి. నీళ్లకు పైపు ఉంది. నాకు టీ కొట్టు ఉంది.

అడవి క్యాంపు సంగతి మొదట నా చెవిన వేసింది మా షిఫ్టులో పనిచేసే ఒక తమ్ముడు. మంచిర్యాల దాటి చాలా లోపలికి పోతే అడవిలో రాత్రి ఉండే చోటు ఒకటుందట. నాలుగు గుడారాలు, ఒక చేతిపంపు, రేకులు కప్పిన స్నానాల గది. కరెంటు లేదు, ఫోనుకు సిగ్నలు లేదు. బియ్యం, ఉప్పు, గిన్నెలు అన్నీ మనమే మోసుకుపోవాలి. చెప్పింది ఇంతే. ఇంతే విని ఊరుకుంటే నేను నేనెట్లా అవుతాను?

ఫస్టు షిఫ్టు దిగి ఇంటికొచ్చేసరికి మా లైనులో ఆడవాళ్లంతా ఉరుకుతున్నారు. మా దగ్గర ఇది రోజూ ఉండేదే. ఓపెన్ కాస్టు గనిలో బొగ్గు కోసం మందు పేల్చే ముందు సైరన్ కూస్తుంది. సైరన్ విన్న మొదటి ఆడమనిషి "బ్లాస్టింగ్! బట్టలు తియ్యుండ్రి!" అని కేక వేస్తుంది. ఆ కేక ఇంటి నుంచి ఇంటికి లైను చివరిదాకా పాకుతుంది. ఆరినవీ ఆరనివీ దండెం మీది బట్టలన్నీ లోపలికి పోతాయి. తరువాత నేల ఒకసారి అదురుతుంది, గిన్నెలు కణకణమంటాయి, కాసేపటికి కంటికి కనిపించని పొడి మెల్లగా దిగుతుంది. మళ్లీ బట్టలు బయటికి వస్తాయి. ఇంత చేసినా తెల్ల బనీను మా ఊళ్లో ఎక్కువ రోజులు తెల్లగా బతకదు.

మా ఆమె చేతినిండా తడి బట్టలతో లోపలికి వస్తుండగా నేను మొదలుపెట్టాను.

"అడవిల ఒక క్యాంపు ఉన్నదటనే. ఒక్క రాత్రి ఉండి రావచ్చు."

"ఏముంటది ఆడ?"

"ఏముండదో అడుగు. డేరాలు రాజులకేసినట్టు ఏస్తరు. పొద్దుగాల నెమలి వచ్చి లేపుతది. పేరు పెట్టి పిలుస్తది."

"నీ పేరు నెమలికి ఎట్ల తెలుస్తది?"

"బుకింగుల రాస్తం గదా."

ఆమె బట్టలు మంచం మీద కుప్పగా వేసింది. నవ్వుతుందనుకున్నాను. నా ముఖం చూడకుండానే అడిగింది:

"దండెం కట్టెతందుకు రెండు చెట్లుంటయా?"

"అడవిల చెట్లుంటయా అని అడుగుతున్నవా?"

"చెట్లుంటయని నాకు తెల్వదా? దగ్గర దగ్గర రెండుంటయా? నడుమల ఎండ పడ్తదా?"

పులి ఉందా, పాములున్నాయా, స్నానాల గదికి తలుపు ఉందా అని అడిగే మనుషుల కోసం నా దగ్గర జవాబులు తయారుగా ఉన్నాయి. ఈ ప్రశ్నకు లేదు.

ఆ ప్రశ్న వెనక ఒక చీర ఉంది. మంచిర్యాలలో చేనేత బట్టల సంత పెట్టినప్పుడు ఆమె తానే ఎంచి, బేరమాడి కొనుక్కున్న నూలు చీర అది. పాలమీగడ తెలుపు, చిన్న ఎర్ర అంచు. కొన్ననాడే నేను "గోదావరిఖనిల తెల్లచీర కట్టుడంటే బొగ్గుబాయిల కొంగను పెంచినట్టే" అన్నాను. నా నోరు అట్లాంటిది. ఆమె కట్టింది, ఒక పెళ్లికి. ఉతికి దండెం మీద ఆరేసింది. సైరన్ వేళకు బట్టలు తీసింది కూడా. అయినా సాయంత్రానికి చీర ముసురు పట్టిన ఆకాశంలా అయింది. మళ్లీ ఉతికింది. గోలేటిలో ఉండే చెల్లెలింటికి పోయినప్పుడు చీరను అక్కడిదాకా మోసుకుపోయి ఆరేసింది. గోలేటిలోనూ బొగ్గే కదా, ఆ ఊరి నలుపు ఆ ఊరిది. ఇక అప్పటినుంచి ఉతికినప్పుడల్లా ఇంట్లో తలుపులేసి ఫ్యాను కింద ఆరేస్తుంది.

"ఫ్యాను కింద ఆరిన చీర కట్టుకుంటే ఫ్యానును కట్టుకున్నట్టే ఉంటది" అంది ఆ రోజు. "ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి దీన్ని ఎండల ఆరేసి, తెల్లగనే తీసుకొని కట్టుకోవాలె. నెమలి లేపకున్నా మంచిదే."

నవ్వకుండా అడిగిన దానికి గప్పాలు చెప్పడం నాకు చేతకాదు. మరునాడు షిఫ్టులో ఆ తమ్ముణ్ణి పట్టుకున్నాను.

"క్యాంపుల దగ్గర దగ్గర రెండు చెట్లున్నయా? నడుమల ఎండ పడ్తదా?"

వాడు తన లైటు నా ముఖం మీదికి తిప్పి చూశాడు. "అన్నా, అందరు నీడ కోసం అడవికి పోతరు. నీకు ఎండ ఎందుకే?"

"నువ్వు చెప్పరాదు."

"పంపు కాడ ఉన్నయి. రెండు మద్ది చెట్లు. నడుమల మస్తు ఎండ."

ఆమెకు ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పాను. నేను చెప్పిందానికి ఏదీ చేర్చకపోవడం చూసి ఆమె నా నుదురు పట్టి చూసింది, జ్వరమేమోనని.

ఇక బండి కావాలి. మా పక్క క్వార్టర్లో ఉండే భాయ్‌కి చౌరస్తా దగ్గర మెకానిక్ షెడ్డు ఉంది. ఆయనకు ఒక పాత వ్యాను ఉంది. ఊళ్లో అందరి బండ్లూ బాగు చేసే మనిషి, తన బండి జోలికి మాత్రం పోడు. ఎందుకని అడిగితే "అన్నా, హజామ్ తన జుట్టు తాను కోసుకుంటడా?" అంటాడు. ఆయన భార్యను మేమంతా భాభీ అంటాం. వాళ్లిద్దరూ సరేనన్నారు. ఇంకో రెండిళ్లవాళ్లు కూడా వస్తామన్నారు. అంతా సాఫీగా నడుస్తోంది. అట్లాంటి వేళ నేను టీ కొట్టుకు పోకుండా ఉండాల్సింది.

టీ కొట్టు దగ్గర ఒకాయన అడిగాడు, "ఆ అడవిల పులి ఉన్నదట గదా?"

ఉందో లేదో నాకేం తెలుసు! కానీ గ్లాసు చేతిలో ఉంది, చుట్టూ పదిమంది ఉన్నారు.

"ఉన్నదా అంటవేంది?" అన్నాను. "సాయంత్రం కాంగనే పంపు కాడికి వస్తది. మనిషి లెక్క ఒక కాలుతోటి పిడి కొట్టుకుంటది, తాగుతది. మొన్న పిడి గట్టిగున్నదట, క్యాంపు ఆఫీసు కాడికి వచ్చి గ్రీజు పెట్టమని నిలవడ్డది."

అందరూ నవ్వారు. నవ్వినవాళ్లలో మాతో వస్తామన్న ఆ రెండిళ్లవాళ్లు ఇంటికిపోయి పెళ్లాలతో చెప్పారు. పిడి, గ్రీజు దారిలో జారిపోయి, ఇల్లు చేరేసరికి పులి ఒక్కటే మిగిలింది. మరునాటికి ఒకరికి నడుం నొప్పి వచ్చింది, ఇంకొకరికి చుట్టాలు వచ్చారు. అది ఒక ఎత్తు. అసలు ఎత్తు, భాభీ మా గుమ్మంలోకి వచ్చి నిలబడడం.

"వదినా, నేను రాను. పులి నీళ్లకాడికే వస్తదట. నీళ్లు లేకుంట నేనెట్ల ఉండాలె? నేను రాకుంటే ఈయన గూడ రాడు. ఏమనుకోకు."

భాయ్ రాకపోతే బండి లేదు. బండి లేకపోతే మద్ది చెట్లు లేవు. మా ఆమె భాభీకి సరేనని తలూపి పంపింది. నన్ను చూసింది. ఆ చూపుకంటే పులి నయం. ఆ తరువాత బీరువా తెరిచి, పైన తీసి పెట్టుకున్న చీరను మళ్లీ అడుగు అరలోకి నెట్టింది. ఆ నెట్టడం చూశాక ఇంట్లో కూర్చోలేకపోయాను.

గప్పాలను మాన్పడానికి నిజం పనికిరాదు. "భాభీ, అది నేను కల్పించింది" అంటే "లేదన్నా, నన్ను నమ్మించేటందుకు అబద్ధమాడుతున్నవు" అంటుంది. గప్పాలకు గప్పాలే మందు. మర్నాడు గోడ మీదుగా పిలిచాను.

"భాభీ, ఫికర్ చెయ్యకు. ఆ పులికి ట్రాన్స్‌ఫర్ అయింది."

భాభీ చేటలోని బియ్యం ఏరడం ఆపింది. "ఎక్కడికి?"

"మహారాష్ట్రకు. మ్యూచువల్."

మా దగ్గర మ్యూచువల్ అంటే తెలియని ఇల్లు లేదు. ఈ బాయిలో వాడు ఆ బాయికి పోవాలంటే, ఆ బాయిలో వాడు ఈ బాయికి రావడానికి ఒప్పుకోవాలి. భాభీ తమ్ముడు అట్లా జోడీ దొరక్క ఏళ్లుగా తిరుగుతున్నాడు. ఆమెకు అన్ని రూల్సూ తెలుసు.

"మ్యూచువల్ అయితే ఆడికెల్లి ఒకటి ఈడికి రావాలె గదా?"

ఇక్కడ నాకు చెమట పట్టింది. "వచ్చింది... రిలీవ్ అయింది గని భాభీ, ఇంకా జాయిన్ కాలే. లీవుల ఉన్నది."

భాభీ చేట పక్కన పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. లోపల నుంచి మా ఆమె నవ్వు కూడా వినిపించింది.

"జాయిన్ అయ్యేలోపల పోయి వద్దాం అయితే" అంది భాభీ. ఆమె నమ్మిందని నేననుకోను. మా ఆమె బీరువా దగ్గర ఎట్లా నిలబడిందో గోడ అవతల నుంచి ఆమెకు తెలిసే ఉంటుంది. ఆడవాళ్లకు గోడలు అడ్డం కావు.

సామాను సర్దడం మొదలైంది. బియ్యం, పప్పు, పచ్చిపులుసుకు చింతపండు, భాభీ తరఫున ఎల్లిగడ్డ దంచిన మసాలా, దుప్పట్లు, చాపలు. దండెం తాడు మాత్రం ఆమె స్వయంగా కొని తెచ్చింది. కొత్తది, తెల్ల నైలాన్ తాడు. పాత తాడు నలుపు చీరకు అంటుతుందట. బట్టల క్లిప్పులను సబ్బుతో కడిగింది. నా పెళ్లికి నన్ను కూడా ఇంత జాగ్రత్తగా తయారుచేయలేదు.

నాకు వంటచెరకు గురించి ఆలోచన వచ్చింది. అడవిలో కట్టె ముట్టుకోవద్దని రూలు ఉందని షిఫ్టు తమ్ముడు చెప్పాడు. గ్యాసు బండ తేవద్దన్నారట. మరి పొయ్యి దేనితో? మా ఊరివాళ్లం ఎక్కడికి పోయినా, జాతరకైనా, గోదావరి ఒడ్డున విందుకైనా, ఇనుప బకెట్‌కు మట్టి మెత్తి చేసిన సిగిడి పొయ్యి ఒకటి, బొగ్గు బస్తా ఒకటి బండి ఎక్కాల్సిందే. అది మాకు ఆలోచన కూడా కాదు, చెప్పులు తొడుక్కున్నట్టే. బయలుదేరే పొద్దున భాయ్ వ్యానులో సామాను ఎక్కించింది నేనే. బస్తా గతుకులకు దొర్లి చిరుగుతుందేమోనని దాని కిందికి మెత్తగా ఏదో ఒకటి ఉంటే బాగుండుననిపించింది. పక్కనే ఒక బట్టల సంచి కనబడింది. మెత్తగానే ఉంది.

ఆ సంచిలో ఏముందో నేను చూడలేదు. ఇది కూడా ఒట్టు కిందికే వస్తుంది.

బండి గోదావరి వంతెన దాటుతుంటే ఆడవాళ్లిద్దరూ చిల్లర నాణేలు నదిలోకి వేసి దండం పెట్టుకున్నారు. భాభీ కూడా వేసింది. అడిగితే "నది అందరికీ ఒక్కటే" అంది. మంచిర్యాల దాటాక దుమ్ము రంగు మారింది. నల్లది కాస్తా ఎర్రదయింది. తరువాత దుమ్మే లేదు. మా ఆమె కిటికీ అద్దం దించి, బయట చెయ్యి పెట్టి, వేళ్లు ఒకదానికొకటి రాసి చూసుకుంది.

క్యాంపు గేటు దగ్గర కాపలా ఉండే పెద్దమనిషి ఎదురొచ్చాడు. మేం కాకా అని పిలిచాం. ఆయన సామాను చూస్తూ బస్తా దగ్గర ఆగాడు.

"గిదేంది?"

"బొగ్గు, కాకా."

"ఏందీ?"

"బొగ్గు. వంటకు."

కాక బస్తా మూతి విప్పి చూశాడు, నా ముఖం చూశాడు, చుట్టూ ఉన్న చెట్లను చూశాడు. "రాలిన పుల్లలు ఏరి, పొయ్యి కాడ కుప్ప పోసి పెట్టిన బిడ్డా, వచ్చేటోళ్ల కోసమని. నా బతుకుల అడవికి బొగ్గు తెచ్చినోళ్లను ఇగో గిప్పుడే చూస్తున్న. ఏ ఊరు మీది?"

చెప్పాం. "అట్లనా, ఇగ తప్పు మీది కాదు" అన్నాడు. పడీపడీ నవ్వాడు.

మేమూ నవ్వుతూనే బస్తా దించాం. దాని కింద సంచి నలిగి ఉంది. సంచి మీద బస్తా ఎంత పొడవుందో అంత నలుపు. మా ఆమె వచ్చి సంచి అందుకుంది, ముడి విప్పింది, చీర బయటికి తీసింది.

నవ్వు ఆగిపోయింది. బొగ్గు పొడి సంచి నేతలోంచి దిగి చీర మడతల మీద పడింది. ఇన్నాళ్లూ సైరన్‌కూ గాలికీ దాచుకున్న చీరను బొగ్గు వెతుక్కుంటూ అడవిదాకా వచ్చినట్టయింది. కాదు, నేనే ఎక్కించుకుని తెచ్చాను.

భాయ్ మెల్లగా నా చెవిలో "అన్నా, ఇప్పుడు ఏదైనా గప్పాలు చెప్పరాదే" అన్నాడు. ఒక్కటీ రాలేదు. నాలోని పంపు ఎండిపోయింది.

"కావాలని..." అని మొదలుపెట్టాను.

"కావాలని చేస్తే నీకు గింత మంచిగ చాతకాదు" అంది ఆమె. చీరను భుజాన వేసుకుని పంపు వైపు నడిచింది. భాభీ వెంటనే వెనక పోయి పిడి పట్టుకుంది. నేను పోయి సబ్బు ఇచ్చాను. సబ్బు తీసుకుంది, నన్ను చూడలేదు. భాభీ పంపు కొడుతోంది, ఈమె ఉతుకుతోంది. మొదటి నీళ్లు నల్లగా పోయాయి. తరువాతవి బూడిద రంగు. తరువాత నీళ్ల అడుగున ఇసుక కనబడింది. ఆమె ఆపలేదు. అడవిలో చీరను బండకు కొట్టే చప్పుడు వేరుగా ఉంటుంది. కొట్టిన ప్రతిసారీ అవతలి చెట్లు మళ్లీ ఒకసారి కొట్టినట్టు వినిపిస్తుంది.

రెండు మద్ది చెట్లు ఆ తమ్ముడు చెప్పినట్టే ఉన్నాయి. నడుమ ఎండ కూడా. నేను కొత్త తాడు కట్టాను. ఆమె లాగి చూసి, విప్పి, మళ్లీ తానే కట్టింది. చీర ఆ చెట్టు నుంచి ఈ చెట్టుదాకా పరుచుకుంది. మేం నలుగురం కాసేపు దాన్ని సినిమా తెరను చూసినట్టు చూశాం.

కొంచెంసేపటికి ఒక కొండముచ్చు దిగివచ్చింది. పెద్దది, నల్ల ముఖం. తీరుబడిగా నడిచొచ్చి చీర కొంగు అంచును చేతిలోకి తీసుకుంది. బట్టల దుకాణంలో ముసలమ్మలు చూసినట్టు బొటనవేలితో నలిపి చూసింది. తిప్పి రెండో వైపు కూడా చూసింది. మా వంక చూసింది. ధర అడిగితే ఏం చెప్పాలా అని నేననుకుంటుండగానే, నచ్చలేదన్నట్టు వదిలేసి, వెనక్కి చూడకుండా పోయింది.

"నీకంటే బేరం తెల్సినట్టున్నది" అంది మా ఆమె నాతో. గేటు దగ్గర నుంచి అప్పటిదాకా నాతో ఆడిన మొదటి మాట అది. నేను ఆ కొండముచ్చుకు మనసులోనే దండం పెట్టుకున్నాను.

కాక కుప్ప పోసిన పుల్లలతో పొయ్యి రాజేశాం. అన్నం ఉడుకుతోంది. మధ్యాహ్నం దాటింది. భాయ్ ఫోను చార్జింగు పెట్టుకుంటానని వ్యాను స్టార్టు చేయబోయాడు. ఆ బండి సైలెన్సర్ సంగతి ఆయనకు తెలుసు, బాగు చేసుకోడు కదా. ఒక్కసారిగా "ఢాం!" అని పేలింది.

"బ్లాస్టింగ్! బట్టలు తియ్యుండ్రి!"

కేక వేసింది భాభీ. ఆ కేక పూర్తయ్యేలోపే మా ఆమె పరుగు తీసింది. క్లిప్పులు టపటపా ఊడాయి. తడి చీర, భాభీ చున్నీ, నా తువ్వాలు అన్నీ లాగి చంకన కుక్కుకుని ఇద్దరూ గుడారంలోకి దూరారు. నేను ఊరుకున్నానా? అన్నం గిన్నె మీద మూత పెట్టి, దాని మీద నా రెండు చేతులూ పెట్టి, తల వంచుకుని కూర్చున్నాను. పొడి దిగేదాకా మా ఇంట్లో నా డ్యూటీ అదే.

ఏ పొడీ దిగలేదు. ఎక్కడో ఒక పిట్ట అరిచింది. కాక గేటు దగ్గర నుంచి పరుగెత్తుకొచ్చి, వంగి కూర్చున్న నన్ను, గుడారంలోంచి తొంగిచూస్తున్న రెండు తలలను చూశాడు.

"ఏమైంది బిడ్డా? పులి గిట్ల వచ్చిందా?"

మొదట నవ్వింది మా ఆమె. తడి చీరను ఒళ్లో పట్టుకుని గుడారం గుమ్మంలో కూలబడి, కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది. "ఈడ బ్లాస్టింగ్ యాడిది భాభీ? యాడిది?" అని అడుగుతూ, అడిగినప్పుడల్లా మళ్లీ నవ్వుతూ. భాభీ నేల మీద చెయ్యి కొడుతూ నవ్వింది. భాయ్ బండి దిగి "మై క్యా కరూఁ, నేనేం చెయ్యాలె, సైలెన్సర్ అన్నా!" అంటున్నా ఎవరూ వినలేదు. మా ఊరి సైరన్ మా అందరి ఒంట్లో ఎంత లోపలికి దిగి ఉందో ఆ రోజు తెలిసింది. ఉన్నందుకు ఏడవాలో ఏమో తెలియదు కానీ మేం నవ్వాం.

చీర మళ్లీ తాడెక్కింది. ఈసారి ఆమె దాని పక్కనే చాప వేసుకుని పడుకుంది. చీర నీడ ఆమె మీద అటూ ఇటూ ఊగింది. సైరన్ లేదు, షిఫ్టు లేదు, లేపే పని నాకు లేదు. ఆమె పట్టపగలు అట్లా నిద్రపోవడం నేనెప్పుడూ చూడలేదు. కొండముచ్చు మళ్లీ వస్తుందేమోనని కాపలాకు నేను కూర్చున్నాను.

పొద్దు వాలే వేళకు చీర ఆరింది. తెల్లగా ఆరింది. ఎంత తెల్లగా అంటే కాక దూరం నుంచి కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. బొగ్గు ఆనవాలు ఎక్కడా లేదు. కొన్ననాటికంటే తెల్లగా ఉంది. ఆమె దాన్ని కట్టుకుని చెట్ల నడుమ నిలబడింది.

ఇక ఒట్టు దగ్గరికి వద్దాం. మీరు కొండముచ్చును అనుమానిస్తున్నారని నాకు తెలుసు. కొండముచ్చు నిజం, ముగ్గురు సాక్షులున్నారు. తడి చీరతో పరుగెత్తడం నిజం, అన్నం గిన్నె మీద నా చేతులు నిజం. పులి ట్రాన్స్‌ఫర్ కట్టుకథే కానీ ఆ కట్టుకథ నేను చెప్పానన్నది నిజం. నేను ఇందులో కల్పించింది ఒక్కటే. చీర తెల్లగా ఆరలేదు.

అంటే, ఆరింది. ఎర్ర అంచుకు కొద్దిగా పైన ఒకచోట మాత్రం పొగలాంటి మరక ఉండిపోయింది. ఆమె వాలిన పొద్దుకు ఎదురుగా పట్టి చూసింది. బొటనవేలితో రుద్దింది. దాని మీద తన అరచెయ్యి పెట్టింది. సరిగ్గా సరిపోయింది.

"ఇంటికాడ ఆరేస్తే చీరంత నల్లగైతది" అంది. "ఈడ అరచెయ్యంత. అడవి మంచిదే."

తరువాత చీరను ముఖానికి ఆనించుకుని గట్టిగా వాసన పీల్చింది. "ఎండ వాసన" అని భాభీకి ఇచ్చింది. భాభీ కూడా పీల్చింది. నా దాకా రానివ్వలేదు. ఆ మరక కుచ్చిళ్లలోకి పోయేట్టు కట్టుకుంది. భాభీ ఆమెను భుజం పట్టి గుండ్రంగా తిప్పి తిప్పి చూసింది. "ఎక్కడ ఉన్నది వదినా? నాకైతే కనబడలే."

మరునాడు తిరిగొస్తూ వంతెన మీదికి రాగానే దూరంగా మా ఊరి మీది మసక కనబడింది. అప్పుడామె చీర కొంగు ఒళ్లోకి లాక్కుని, అద్దం ఎత్తేసి, నన్నడిగింది.

"ఇదంత రాస్తవా?"

"రాస్త."

"రాస్తే, తెల్లగనే ఆరిందని రాయి. ఊరందరికి చెప్పినవు ఇన్నేండ్ల సంది. నా కోసం ఒక్క అబద్ధం చెప్పకపోతివి."

చెప్పాను. పైన ఉంది. నేను ఇన్నాళ్లూ చెప్పినవాటిలో నాకు ఇష్టమైనది కూడా అదే. తొందరపడి ఒట్టు ముందే వేసుకోవడంతో ఇక్కడిదాకా రావాల్సి వచ్చింది. ఆమెకు చదివి వినిపించేటప్పుడు మాత్రం, ఆమె చీర కట్టుకుని చెట్ల నడుమ నిలబడిన దగ్గరే ఆపేస్తాను.